సబ్ జైలు చూడటానికి వెళ్తే ముందు అడగాల్సింది డ్యూటీ రోస్టర్

ప్రశ్న: మా ఊరి సబ్ జైలుకు నన్ను అనధికార సందర్శకురాలిగా, అంటే జైలు చూసి నోట్ రాసే నాన్-అఫీషియల్ విజిటర్‌గా, వేశారు. టీచరుగా రిటైరయ్యాను, ఇదివరకు జైలు గడప తొక్కింది లేదు. మొన్న ఒకసారి వెళ్లొచ్చాను. అంతా శుభ్రంగా ఉంది, అన్నం రుచి చూశాను, బాగానే ఉంది. "స్టాఫ్ చాలా తక్కువండీ" అని సూపరింటెండెంట్ గారే అన్నారు. అది నిజమో కాదో నేనెలా తేల్చుకోవాలి? అసలు ఏం చూడాలి, ఏం రాయాలి?

జవాబు:

మేడం, జైళ్ల శాఖలో ఉద్యోగం చేసి, ఇప్పుడు న్యాయసేవల వాళ్లతో కలిసి జైళ్లకు వెళ్తున్నాను. రెండు వైపులా నిలబడి చూశాను కాబట్టి చెప్తున్నా. సున్నం కొట్టిన గోడ, ఊడ్చిన వరండా, ఆ పూట పప్పు, ఇవన్నీ మీరు వస్తున్నారని తెలిస్తే రెండు గంటల్లో తయారవుతాయి. దాన్ని మోసం అనక్కర్లేదు. చుట్టాలొస్తున్నారంటే మనమూ దుప్పట్లు మారుస్తాం. అంత తొందరగా తయారు చేయలేనిది మనుషుల్ని. పోయిన నెల ఫలానా తేదీ రాత్రి రెండు గంటలకు లోపల ఎంతమంది వార్డర్లు (కాపలా ఉద్యోగులు) డ్యూటీలో ఉన్నారన్నది ఇవాళ ఎవరూ మార్చలేరు. సూపరింటెండెంట్ గారు మీతో ఆ మాట ఊరికే అని ఉండరు. ఆయన పైవాళ్లకు రాసి రాసి విసిగిపోయిన విషయాన్ని మీరు రాస్తారేమోనన్న ఆశ కూడా అందులో ఉంటుంది. కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెట్టండి.

కేంద్ర హోంశాఖ 2016లో ఇచ్చిన నమూనా జైలు మాన్యువల్ ప్రకారం ప్రతి ఆరుగురు ఖైదీలకు ఒక కాపలా ఉద్యోగి ఉండాలి. దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. ఆరుగురి ఎదురుగా ఎప్పుడూ ఒక మనిషి నిలబడి ఉంటాడనుకుంటారు. ఆ లెక్క మొత్తం ఉద్యోగుల మీద. ఇరవై నాలుగు గంటలు నడిచే చోట ఒక్క స్థానంలో ఎప్పుడూ ఒక మనిషి ఉండాలంటే రోజుకు మూడు షిఫ్టులు, ఏడాదికి 1,095 షిఫ్టులు. వారపు సెలవులు 52, మిగతా సెలవులు, శిక్షణ కలిపి ఇంకో 45 తీసేస్తే ఒక ఉద్యోగి ఏడాదికి చేయగలిగేది 268 షిఫ్టులు. అంటే ఒక్క స్థానానికి నలుగురు కావాలి, ఆ నలుగురూ కొంచెం తక్కువే పడతారు.

ఇప్పుడు మీ సబ్ జైలుకు వేసి చూడండి. లోపల 60 మంది ఉన్నారనుకుందాం. మాన్యువల్ లెక్క ప్రకారం పది మంది వార్డర్లు. పదిని నాలుగుతో భాగిస్తే ఏ సమయంలో చూసినా డ్యూటీలో ఉండేది ఇద్దరు, అప్పుడప్పుడు ముగ్గురు. అందులో ఒకరు మెయిన్ గేటు వదిలి కదలకూడదు. లోపల యార్డులో మిగిలేది ఒక్కడు, మహా అయితే ఇద్దరు. ఇది పోస్టులన్నీ నిండినప్పటి సంగతి. జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022 లెక్కల్లో దేశం మొత్తం మీద జైళ్లలో మంజూరైన పోస్టులు 91,181, పనిచేస్తున్నవాళ్లు 63,578. పదింట మూడు ఖాళీ. ఆ లెక్కన మీ పది మందిలో మిగిలేది ఏడుగురు. గేటు దగ్గర మనిషిని తీసేస్తే కొన్ని రాత్రులు లోపల ఎవరూ ఉండరు, లేదా ఒకే మనిషి రెండు షిఫ్టులు వరసగా లాగుతుంటాడు.

అందుకే "స్టాఫ్ ఎంతమంది?" అని అడిగి ఊరుకోకండి. మూడు అంకెలు విడివిడిగా అడగండి: మంజూరైన పోస్టులెన్ని, ఆ పోస్టుల్లో ఉన్నవాళ్లెందరు, ఇవాళ ఈ గోడల మధ్య ఉన్నదెవరు. అసలు విషయం దాక్కునేది రెండో అంకెకూ మూడో అంకెకూ మధ్య. ఒకరు డిప్యుటేషన్ మీద జిల్లా జైల్లో, ఒకరు పై ఆఫీసులో కంప్యూటర్ పని మీద, ఒకరు ఆసుపత్రిలో ఖైదీకి కాపలా, ఒకరు మెడికల్ లీవు. జీతం మాత్రం అందరికీ ఇక్కణ్నుంచే వస్తుంది, కాబట్టి కాగితం మీద అందరూ ఇక్కడే ఉంటారు. కిందటి నెల రోస్టరు, అంటే ఎవరికి ఏ షిఫ్టు అన్న పట్టిక, తీసుకుని, దాన్ని గేటు పుస్తకంతో పక్కపక్కన పెట్టి చూడండి. గేటు పుస్తకంలో లోపలికీ బయటికీ పోయిన ప్రతి మనిషి పేరు, టైము ఉంటాయి. రోస్టరులో రాత్రి ముగ్గురున్నారని రాసి, గేటు పుస్తకంలో ఇద్దరే లోపలికి వచ్చినట్టుంటే మీకు జవాబు దొరికినట్టే. రెండు పుస్తకాలనూ ఒకేసారి సరిచేయడం ఎవరికైనా కష్టం. ఏవైనా మూడు తేదీలు మీరే ఎంచుకోండి, వాళ్లు చూపించిన పేజీ కాకుండా. వాటిలో ఒకటి పండగ రోజు కావాలి.

"మాన్యువల్ మాకు వర్తించదండీ" అని ఎవరైనా అనొచ్చు. సగం నిజమే. రాజ్యాంగంలో జైళ్లు రాష్ట్ర జాబితాలోవి. మన దగ్గర జైళ్లు నడిచేది రాష్ట్ర నియమాల మీద, నమూనా మాన్యువల్ కేంద్రం ఇచ్చిన సలహా మాత్రమే. వాదించకండి. "సరే, మీ రాష్ట్ర మంజూరు ప్రకారమే చెప్పండి, అందులో ఎన్ని ఖాళీ?" అని అడగండి. అప్పుడు చెప్పక తప్పదు.

మనుషులు తక్కువైతే ఆ లోటు ఖైదీల ఒంటి మీదికి ఎలా వస్తుందో మీకు తెలియాలి, అప్పుడే మిగతావి సరిగ్గా కనిపిస్తాయి. మొదట తగ్గేది బ్యారక్ (ఖైదీలు పడుకునే హాలు) బయట ఉండే సమయం. ఉదయం లాకప్, అంటే బ్యారక్ తాళం, తీయడం ఆలస్యమవుతుంది, మధ్యాహ్నం మళ్లీ వేసేస్తారు, సాయంత్రం ఎండ ఉండగానే లోపలికి తోలేస్తారు. ఒక్క వార్డర్ అరవై మందిని ఆరుబయట చూసుకోలేడు, ఆయన్ని తప్పు పట్టలేం. నిన్న లాకప్ తీసిన టైమెంత, వేసిన టైమెంత అని వార్డర్ని అడగండి, అదే ప్రశ్న ఖైదీని అడగండి. తర్వాత తగ్గేది ములాఖత్. పొద్దున్నే బస్సెక్కి వచ్చిన తల్లి గేటు బయట మూడు గంటలు కూర్చుని ఐదు నిమిషాలు మాట్లాడి పోతుంది. మీరు లోపలికి వెళ్లే ముందు ఓ పావుగంట గేటు బయట ఆ ఆడవాళ్ల పక్కన కూర్చోండి. లోపల నేర్చుకునే దానిలో సగం అక్కడే దొరుకుతుంది, పైగా దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మూడోది ఆసుపత్రి. మాన్యువల్ 300 మంది ఖైదీలకు ఒక డాక్టరు అంటుంది కాబట్టి సబ్ జైల్లో సొంత డాక్టరు ఉంటారని ఆశించకండి. ఊళ్లో ప్రభుత్వాసుపత్రి డాక్టరు వచ్చి చూసిపోవాలి. ఆయన చివరి నాలుగుసార్లు వచ్చిన తేదీలు అడగండి. ఎవరికైనా స్కానింగ్‌కో స్పెషలిస్టు దగ్గరికో రాసిచ్చారనుకోండి, పంపాలంటే ఎస్కార్టు, అంటే వెంట కాపలాగా వెళ్లే పోలీసులు, కావాలి. ఎస్కార్టు ఇచ్చేది జైలు కాదు, పోలీసుల ఆర్మ్‌డ్ రిజర్వ్. వాళ్లకు ఆ రోజు బందోబస్తు ఉంటే ఇక్కడ ఆసుపత్రి ట్రిప్పు వాయిదా. కాబట్టి డాక్టరు రాసిన తేదీ ఒకటి, పంపిన తేదీ ఒకటి, మధ్యలో ఎన్ని రోజులు? ఈ ఒక్క లెక్క మీ నోటులో ఉంటే జిల్లా జడ్జి గారు దాన్ని దాటి పోలేరు. కోర్టు వాయిదాలకూ ఇదే కథ. రిమాండు పొడిగింపు వీడియోలో అయిపోతోంది కాబట్టి పైకి కనపడటం లేదు. సాక్షుల విచారణకు మనిషిని తీసుకెళ్లలేక వాయిదా పడ్డ కేసులు ఎన్నో అడగండి.

ఇక రాత్రి. ఒంటరిగా ఉన్న వార్డర్ బ్యారక్ తలుపు తీయడు, తీయకూడదు కూడా. లోపల ఎవరికో ఫిట్స్ వస్తే ఆయన ఇంకో మనిషిని లేపాలి, తాళాలు తెప్పించాలి. "రాత్రి పన్నెండుకు ఛాతీ నొప్పి అని ఒకతను అరిస్తే మీరు ఏం చేస్తారు, వరసగా చెప్పండి" అని నైట్ డ్యూటీ చేసిన వార్డర్ని అడగండి. తడుముకోకుండా చెప్తే మంచిదే. ఫోన్ ఎవరికి, తాళం ఎవరి దగ్గర, బండి ఎక్కణ్నుంచి, ఈ మూడింటిలో ఎక్కడ ఆగినా రాసుకోండి.

ఇంకో సంగతి, పైకి ఎవరూ చెప్పరు. వార్డర్లు లేని చోట పెత్తనం ఖాళీగా ఉండదు. బ్యారక్‌లో ఒకడు పెద్దమనిషి అవుతాడు. ఫ్యాన్ కింద ఎవరు పడుకోవాలి, బాత్‌రూమ్ పక్కన ఎవరు పడుకోవాలి, బకెట్ నీళ్లు ఎవరికి ముందు, అన్నీ వాడే తేలుస్తాడు, కొన్నిచోట్ల డబ్బు తీసుకుని. బాత్‌రూమ్ గుమ్మం పక్కన చాప వేసుకున్న మనిషి దగ్గరికి వెళ్లి మాట్లాడండి. అక్కడ పడుకునేది ఎప్పుడూ కొత్తగా వచ్చినవాడో, ఎవరూ లేనివాడో.

గది కొలతలు, నీళ్లు గురించి ఎక్కువ చెప్పను, లెక్క సులువే. మాన్యువల్ ప్రకారం పడుకునే బ్యారక్‌లో మనిషికి 3.71 చదరపు మీటర్లు, అంటే దాదాపు 40 చదరపు అడుగులు. 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు ఉన్న హాల్లో ఇరవై మంది. అడుగులు వేసి కొలిస్తే చాలు, టేపు అక్కర్లేదు. రాత్రిపూట పది మందికి ఒక మరుగుదొడ్డి. నీళ్లు మనిషికి రోజుకు 135 లీటర్లు, అరవై మందికి 8,100. పైన ట్యాంకు ఎన్ని లీటర్లదో, రోజుకు ఎన్నిసార్లు నిండుతుందో అడిగి గుణించుకోండి. కుళాయి మీరే తిప్పి చూడండి, అదీ మధ్యాహ్నం మూడింటికి, ఎండాకాలంలో.

వంటగదిలో రుచి చూడటం కన్నా ఎవరు వండుతున్నారు, ఎవరు దొడ్లు కడుగుతున్నారు అన్నది చూడండి. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు సుకన్య శాంత కేసులో జైళ్లలో కులాన్ని బట్టి పని పంచడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది, రిజిస్టర్లలో కులం కాలమ్ తీసేయమంది. ఆ వివక్ష ఇంకా ఉందేమో చూడటానికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ (పేదలకు ఉచితంగా లాయర్ని ఇచ్చేది), సందర్శకుల బోర్డు (మీలాంటి సందర్శకులు, అధికారులు ఉండేది) కలిసి క్రమంగా తనిఖీలు చేయాలని కూడా చెప్పింది. అంటే ఈ పని మీకు సుప్రీంకోర్టే అప్పగించింది. అడ్మిషన్ రిజిస్టరు తెరిచి ఆ కాలమ్ ఉందో లేదో చూడటం ఒక్క నిమిషం పని. పాకీ పని చేసే ముగ్గురి ఊళ్లు, పేర్లు అడిగితే మిగతాది మీకే అర్థమవుతుంది.

ఆడవాళ్లను ఉంచే సబ్ జైలైతే ఆ వైపు మహిళా వార్డర్ పగలూ రాత్రీ ఉందా అన్నది మొదటి ప్రశ్న. పైన చెప్పిన లెక్కే ఇక్కడా: ఒక్క స్థానానికి నలుగురు మహిళా వార్డర్లు కావాలి. ఇద్దరే ఉంటే రాత్రి ఎవరో ఒకరు లేనట్టే. తల్లులతో పిల్లలుంటే 2006లో ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలున్నాయి. ఆరేళ్ల వరకు పిల్లలు తల్లితో ఉండొచ్చు, కానీ వాళ్లను ఖైదీలుగా చూడకూడదు, తిండి, వైద్యం, చదువు వాళ్ల హక్కులు. పిల్లలకు పాలు విడిగా ఇస్తున్నారా, ఎవరి ఖాతాలో, చూడండి.

ఖైదీలతో మాట్లాడేటప్పుడు అధికారి కనిపించేంత దూరంలో, మాట వినిపించనంత దూరంలో ఉండమని మర్యాదగా అడగండి. "ఏమైనా ఇబ్బందులున్నాయా?" అంటే "ఏం లేవు మేడం" అనే వస్తుంది. నిన్న రాత్రి ఏం తిన్నావు, ఎప్పుడు స్నానం చేశావు, నీ లాయరు పేరేంటి, అలా అడగండి. లాయరు పేరు చెప్పలేనివాళ్లు ప్రతి సబ్ జైల్లో ఉంటారు. వాళ్ల పేర్లు ఆ సాయంత్రమే న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి పంపండి. కేసు నిజమా అబద్ధమా అన్న చర్చలోకి దిగకండి. ఉత్తరాలు, ఫోన్ నంబర్లు ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి చేర్చకండి. అది ఒక్కసారి జరిగితే మీ పేరు తీసేయడానికి వాళ్లకు కారణం దొరుకుతుంది.

వారంలో కొత్తగా వచ్చినవాళ్లను తప్పక చూడండి. మొదటి రాత్రులు ప్రమాదకరమైనవి. జీవితంలో మొదటిసారి లోపలికి వచ్చిన మనిషి బాగా టెన్షన్‌లో, అవమానంతో ఉంటాడు, ఏ వేళలో ఏం చేసుకుంటాడో తెలీదు. అలాంటివాణ్ని ఒంటరిగా వదలకూడదు, మళ్లీ ఆ ఒక్క వార్డర్ దగ్గరికే వస్తాం. వచ్చిన రోజు ఒంటి మీద దెబ్బలు నమోదు చేశారా అని అడ్మిషన్ సమయపు వైద్య పరీక్ష చూడండి. పోలీస్ స్టేషన్ లాకప్ మీ పరిధిలో లేకపోయినా, అక్కడేం జరిగిందో చెప్పే మొదటి కాగితం ఇక్కడే పుడుతుంది. దెబ్బలు కనిపిస్తూ రిజిస్టరులో "ఏమీ లేవు" అని ఉంటే ఆ రోజే రాతపూర్వకంగా పంపండి. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు స్టేషన్లలో సీసీ కెమెరాల రికార్డింగ్ 18 నెలలు భద్రంగా ఉంచాలంది. రికార్డింగ్ పోయిందని చెప్పే లోపే దాన్ని భద్రపరచమని కోరాలి.

మీసం రాని కుర్రాడు కనిపిస్తే వయసు అడగండి. పద్దెనిమిది నిండనివాళ్లను లాకప్‌లో గానీ జైల్లో గానీ ఉంచకూడదని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సూటిగా చెప్తోంది. ఆధార్‌లో పుట్టిన తేదీ ఒకటి, స్కూల్ సర్టిఫికెట్‌లో ఇంకొకటి ఉండటం మన ఊళ్లలో మామూలే, మీరు టీచరు కాబట్టి నేను చెప్పక్కర్లేదు. స్కూల్ రికార్డు తెప్పించమని రాయండి.

రద్దీ తగ్గే దారి కూడా రిజిస్టర్లలోనే ఉంటుంది. మీ సబ్ జైల్లో ఉండేది దాదాపు అందరూ రిమాండు ఖైదీలే. దేశం మొత్తం మీద 2022లో ఖైదీల్లో 75.8 శాతం విచారణలో ఉన్నవాళ్లే. రెండు జాబితాలు అడగండి. ఒకటి, బెయిలు వచ్చి ఏడు రోజులు దాటినా బయటికి పోనివాళ్లు. వీళ్ల గురించి సూపరింటెండెంట్ న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న చెప్పింది. జామీనుకు డబ్బు లేకే ఆగిపోయినవాళ్లకు అదే ఏడాది వచ్చిన కేంద్ర పథకంలో సాయం ఉంది. రెండోది, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్ష సంహిత 479వ సెక్షన్ కిందికి వచ్చేవాళ్లు. ఇదివరకు ఏ కేసులోనూ శిక్ష పడనివాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు, మిగతావాళ్లు సగం కాలం లోపల ఉంటే సూపరింటెండెంటే కోర్టుకు రాయాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది లేదు, ఒకటికి మించి కేసులున్నవాళ్లకూ లేదు. నలుగురు ఇలా బయటికి వెళ్తే నలుగురు తగ్గినట్టే. కొత్త వార్డర్ పోస్టు మంజూరు కావడం కన్నా ఇది తొందరగా జరుగుతుంది, అందుకే నేను దీని మీద ఎక్కువ పట్టుబడతాను.

ఇక రాయడం. సందర్శకుల పుస్తకంలో వెనక్కి తిప్పి చూస్తే ఏళ్ల తరబడి ఒకే వాక్యం కనిపిస్తుంది: "జైలును సందర్శించాను, ఏర్పాట్లు సంతృప్తికరంగా ఉన్నాయి." పెద్దపెద్ద సంతకాలతో. ఆ వాక్యం ఎవరికీ పనికిరాదు, ఒక్కోసారి హాని కూడా చేస్తుంది. రేపు లోపల ఎవరైనా చనిపోతే అదే కాగితాన్ని సాక్ష్యంగా చూపిస్తారు. మీరు ఇలా రాయండి: "మంజూరు 12, ఉన్నవాళ్లు 8, ఇవాళ హాజరు 5. ఫలానా తేదీ రాత్రి రోస్టరులో 3, గేటు పుస్తకంలో 2. గుండె పరీక్షకు రాసిన ఖైదీని 19 రోజులైనా పంపలేదు, కారణం ఎస్కార్టు లేదన్నారు." విశేషణాలు వద్దు. పక్కనే ఎవరు ఏం చేయాలో ఒక్కో లైను. ఖాళీలు నింపాల్సింది జైళ్ల శాఖ పై అధికారి, ఎస్కార్టు ఇవ్వాల్సింది ఎస్పీ, డాక్టర్ని పంపాల్సింది ఆసుపత్రి. సూపరింటెండెంట్ చేతిలో లేనిదాన్ని ఆయన నెత్తిన రాస్తే మీకు రెండోసారి రిజిస్టర్లు అంత ఇష్టంగా చూపించరు. ఆయన చేతిలో ఉన్నవి, అంటే లాకప్ టైములు, ములాఖత్ వరస, వంట పని పంపకం, వాటిని మాత్రం వదలకండి.

పుస్తకంలో రాసింది అక్కడే వదిలేయకుండా ఒక ప్రతి జిల్లా జడ్జి గారికి పంపండి. సందర్శకుల బోర్డులో ఆయన కూడా ఉంటారు. ఇంకోటి న్యాయసేవాధికార సంస్థకు. బోర్డు మూడు నెలలకోసారి కూర్చోవాలి. కూర్చోకపోతే కూర్చోమని ఉత్తరం రాసే హక్కు మీకుంది. తర్వాతి సారి వెళ్లినప్పుడు మీ పాత పేజీ మీరే తీసి, ఒక్కో లైను పక్కన ఏం జరిగిందో అడగండి.

వేళ గురించి ఒక మాట. చెప్పి ఒకసారి వెళ్తే, చెప్పకుండా ఒకసారి వెళ్లండి. సాయంత్రం లాకప్ వేసే ముందు అరగంట అన్నిటికన్నా మంచి సమయం: అన్నం, తలల లెక్క, షిఫ్టు మార్పు, మూడూ ఒకేసారి కనిపిస్తాయి. గేటు దగ్గర "సార్ లేరు, రేపు రండి" అంటే గొడవ పడకండి. డ్యూటీలో ఉన్నదెవరు, టైమెంత అని అక్కడే కాగితం మీద రాసుకుని, నియామక ఉత్తర్వు కాపీ చూపించి, న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి ఫోన్ చేయండి. ఆ ఉత్తర్వు కాపీ రెండు మూడు సెట్లు బ్యాగులో పెట్టుకోండి, ఒకటి గేటు దగ్గర ఇచ్చేయడానికి.